మోటర్‌హోమ్ జనరేటర్ రిపేర్: షాపుకి ఫోన్ చేసే ముందు నుంచి లోడ్ టెస్ట్ దాకా

‘జనరేటర్ పనిచేయడం లేదు, చూడండి’ అని చెప్పి మోటర్‌హోమ్‌ని, అంటే లోపలే ఇల్లులా ఉండగలిగే బండిని, షాపులో వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. తర్వాత వాళ్లు అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: కార్బొరేటర్ మార్చారు, పంపు మార్చారు, కంట్రోల్ బోర్డు కూడా మార్చారు, అయినా ఏసీ వేయగానే ఆగిపోతోంది, ఇప్పుడేం చేయాలి?

పని షాపుకి వెళ్లకముందే మొదలుపెట్టాలి. లోపం ఎక్కడుందో మీరు కనిపెట్టక్కర్లేదు. అది ఎప్పుడు, ఎలా, ఎంత లోడ్ మీద (అంటే ఏసీ, హీటర్ల లాంటివి ఎంత కరెంట్ లాగుతున్నప్పుడు) మొరాయిస్తోందో మాత్రం కచ్చితంగా చెప్పగలగాలి. రిపేర్ అయ్యాక లోడ్ పెట్టి చూడనిదే తాళాలు తీసుకోకూడదు. బండిలోనే బిగించి వచ్చే పెట్రోల్, డీజిల్, గ్యాస్ జనరేటర్లు మూడింటికీ ఈ వరస పనికొస్తుంది. తేడా ఉన్నచోట చెబుతాను.

1. చెయ్యి పెట్టే ముందు

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. షెడ్డులో, మూసి ఉన్న గ్యారేజీలో, గోడకి ఆనించి పెట్టిన బండిలో ‘ఒక్క నిమిషం ఆన్ చేసి చూద్దాం’ అనుకోవద్దు. బండిలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతుందో లేదో ముందు దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఆ అలారంకి కూడా గడువు తేదీ ఉంటుంది, చాలామంది చూడరు.

రెండో ప్రమాదం ఆటో స్టార్ట్. బ్యాటరీ తగ్గినా, లోపల వేడెక్కినా జనరేటర్ దానంతటదే స్టార్ట్ అయ్యే ఏర్పాటు కొన్ని బండ్లలో ఉంటుంది. మీ వేళ్లు ఫ్యాన్ దగ్గర ఉన్నప్పుడు అది స్టార్ట్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మూత తీసే ముందు:

- ఆటో స్టార్ట్ ఆఫ్
- బయటి నుంచి వచ్చే కరెంట్ ప్లగ్ తీసేయాలి, ఇన్వర్టర్ ఆఫ్
- సైలెన్సర్ చల్లారే దాకా ఆగాలి
- వైర్లు, బిగింపులు ముట్టుకోవాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పాలి
- పెట్రోల్ లేదా గ్యాస్ వాసన వస్తుంటే అక్కడితో ఆపి, మెకానిక్‌ని పిలవాలి

2. ఫోన్ చేసే ముందు పావుగంట పరీక్ష

రిపేరే అక్కర్లేని జనరేటర్లు షాపుల దాకా వెళుతుంటాయి. ఈ వరసలో చూస్తే మీది అలాంటిదేమో తేలిపోతుంది.

మొదట ఇంధనం. పెట్రోల్, డీజిల్ బండ్లలో చాలావరకు జనరేటర్ కూడా బండి ట్యాంకు నుంచే తాగుతుంది. కానీ దాని గొట్టం ట్యాంకు అడుగు దాకా వెళ్లదు. ట్యాంకు సుమారు పావు వంతుకి రాగానే జనరేటర్‌కి ఇంధనం అందదు. రాత్రంతా జనరేటర్ నడిపి, తెల్లారి బంకు దాకా కూడా వెళ్లలేని పరిస్థితి రాకూడదని కావాలనే అలా పెడతారు. ముల్లు పావు దగ్గర ఉంటే ముందు ట్యాంకు నింపండి. బండి వాలుగా నిలబడి ఉంటే పావు కంటే ఎక్కువున్నా గొట్టానికి అందకపోవచ్చు.

తర్వాత ఆయిల్. బండిని సమతలంగా నిలిపి, జనరేటర్ ఆపిన కాసేపటికి చూడాలి. ఆయిల్ తగ్గితే తనంతట తానే ఆగిపోయే రక్షణ చాలా మోడల్స్‌లో ఉంటుంది, అన్నిటిలో ఉండదు. ఎక్కువ పోయడం కూడా తప్పే, పొగ కక్కుతుంది.

ఆపైన బ్యాటరీ. చాలా బండ్లలో జనరేటర్ స్టార్ట్ అయ్యేది ఇంటి భాగానికి ఉన్న బ్యాటరీతో. పూర్తి చార్జిలో, కాసేపు వాడకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి. మీటర్ లేకపోతే ఇంకో దారి ఉంది: బండి ఇంజిన్ ఆన్ చేసి, డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బూస్ట్ స్విచ్ ఉంటే అది నొక్కి పట్టుకుని జనరేటర్ స్టార్ట్ చేయండి. అప్పుడు చక్కగా అందుకుంటే తప్పు బ్యాటరీ వైపే ఉంది.

చివరగా బ్రేకర్లు. జనరేటర్ ఒంటి మీదే ఒక బ్రేకర్ ఉంటుంది. లోపలి ప్యానెల్‌లో ఉన్నది చూసి, దీన్ని మర్చిపోతారు. దాన్ని పూర్తిగా ఆఫ్ వైపుకి నెట్టి, మళ్లీ ఆన్ చేయాలి. మధ్యలో ఆగిపోయిన బ్రేకర్ పైకి చూడ్డానికి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకసారి వేశాక మళ్లీ పడిపోతే ఇక వేయకండి, అది మెకానిక్ చూడాల్సిన విషయం.

ఒక్క మాట. జనరేటర్ స్టార్ట్ అయిన వెంటనే లోపలికి కరెంట్ రాదు. బయటి కరెంట్ నుంచి జనరేటర్ కరెంట్‌కి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ కొంత సేపు ఆగి మారుతుంది. కొన్నిటిలో అర నిమిషం, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. రెండు నిమిషాలు ఆగి అప్పుడు తేల్చుకోండి.

3. లక్షణాన్ని పట్టుకోవడం

అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. కింద ఉన్న ఐదు రకాల్లో మీది ఏదో తేలితే షాపులో సగం పని మీరు చేసినట్టే.

*స్టార్టర్ తిరగడమే లేదు*

స్విచ్ నొక్కినా చప్పుడు లేదు, లైటు కూడా వెలగలేదు అంటే ముందు బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్, జనరేటర్ కంట్రోల్ ఫ్యూజు చూడాలి. ‘టక్’ మని మాత్రం వినిపించి ఆగిపోతే బ్యాటరీ, కేబుళ్లు, స్టార్టర్ రిలే అనుమానించాలి.

ఇక్కడ మెకానిక్‌లు కూడా ఒక్కోసారి బోల్తాపడతారు. వోల్టేజి బ్యాటరీ దగ్గర చూసి ‘బాగానే ఉంది’ అంటారు. చూడాల్సింది జనరేటర్ టెర్మినల్ దగ్గర, అదీ స్టార్టర్ స్విచ్ నొక్కి ఉంచినప్పుడు. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉండి, అదే క్షణంలో జనరేటర్ దగ్గర 9 కనిపిస్తే మధ్యలో ఉన్న కేబులో, ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టో తుప్పు పట్టిందన్నమాట. బండి అడుగున నీళ్లు, బురద తగిలే చోట ఆ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పి, గీకి, మళ్లీ బిగిస్తే పోయే దానికి కొత్త స్టార్టర్ కొనిపించడం మామూలే.

*తిరుగుతుంది, అందుకోదు*

నెలల తరబడి కదపని పెట్రోల్ జనరేటర్‌కి ఇదే ముఖ్యమైన రోగం. పెట్రోల్ నిలవ ఉంటే పాడవుతుంది. కార్బొరేటర్‌లోని సన్నటి రంధ్రాల్లో జిగురులా పేరుకుపోతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోల్‌తో ఈ బాధ ఇంకా త్వరగా మొదలవుతుంది.

మూడు విషయాలు గమనించి రాసుకోండి: స్విచ్‌తో ప్రైమ్ చేసినప్పుడు (అంటే స్టార్ట్ చేసే ముందు ఇంధనాన్ని ఇంజిన్ దాకా నింపినప్పుడు) ఇంధన పంపు టిక్ టిక్ మంటోందా, పెట్రోల్ చివరిసారి ఎప్పుడు పోయించారు, ఎక్కువసేపు తిప్పితే ఒక్క క్షణమైనా అందుకుని ఆగుతోందా. చాలా పెట్రోల్ మోడల్స్‌లో స్టాప్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ప్రైమ్ అవుతుంది. స్టార్టర్‌ని మాత్రం ఏకధాటిగా తిప్పకండి. కాసేపు తిప్పి, చల్లారనిచ్చి, మళ్లీ ప్రయత్నించండి.

*స్టార్ట్ అవుతుంది, స్విచ్ వదలగానే ఆగిపోతుంది*

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది దీని మీదే. ఇంజిన్ అందుకుని ఆగిపోతోంది కదా, పెట్రోల్ అందడం లేదనుకుని పంపు, ఫిల్టర్, కార్బొరేటర్ వరసగా మారుస్తారు. కానీ ఇంజిన్ స్విచ్ నొక్కి ఉన్నంతసేపూ నిక్షేపంలా నడుస్తూ, సరిగ్గా వేలు తీసిన క్షణాన ఆగిపోతే ఇంధనం కంటే ముందు కరెంట్ వైపు చూడాలి.

చాలా జనరేటర్లలో కంట్రోల్ బోర్డు ‘కరెంట్ తయారవుతోంది, అంటే ఇంజిన్ నడుస్తోంది’ అని తెలుసుకుంటుంది. ఆ కరెంట్ దానికి కనబడకపోతే స్విచ్ వదలగానే ఇంజిన్‌ని ఆపేస్తుంది. బ్రష్‌లున్న మోడల్స్‌లో దీనికి మామూలు కారణం, వాడకుండా ఉంచడం వల్ల స్లిప్ రింగుల (బ్రష్‌లు ఆనుకుని కరెంట్ చేరవేసే, తిరిగే లోహపు వలయాల) మీద పట్టే నల్లటి పొర. రాగి రంగులో మెరవాల్సిన రింగు మసిబారి ఉంటుంది, దాని మీద ఆనాల్సిన కార్బన్ బ్రష్ అరిగిపోయో ఇరుక్కునో ఉంటుంది. శుభ్రం చేసి, బ్రష్‌లు మారిస్తే సరిపోవచ్చు. ఆయిల్ ప్రెజర్ స్విచ్ పాడైనా ఇలాంటి లక్షణమే రావచ్చు, అది చూడ్డం కూడా తేలికే. బోర్డు మార్చమని చెప్పే ముందు ఈ రెండూ చూశారా అని అడగండి.

*కాసేపు నడిచి ఆగిపోతుంది*

ఎంతసేపటికి? మళ్లీ స్టార్ట్ అవడానికి ఎంతసేపు పడుతోంది? ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి.

ఇరవై నిమిషాలు నడిచి ఆగి, అరగంట చల్లారాకే మళ్లీ అందుకుంటే వేడి మీద అనుమానం పెట్టుకోవాలి: ఇగ్నిషన్ కాయిల్, గాలి దారి మూసుకుపోవడం, ఇంధన గొట్టంలో ఆవిరి పట్టడం. ఎలుకలు గూడు పెట్టి గాలి దారి మూసేయడం మీరనుకున్నంత అరుదు కాదు. మూత తీసి నడిపితే చల్లగా ఉంటుందనుకోవద్దు. కొన్ని మోడల్స్‌లో మూత ఉంటేనే గాలి ఇంజిన్ మీదుగా పోతుంది, తీసేస్తే ఇంకా వేడెక్కుతుంది.

ఊగుతూ, అంటే వేగం పెరుగుతూ తగ్గుతూ నడిచి ఆగిపోతే ఇంధనం సన్నగా అందుతోందేమో చూడాలి. మూసుకుపోయిన ఫిల్టర్, కార్బొరేటర్, పగిలిన రబ్బరు గొట్టం. గొట్టం పగిలితే పెట్రోల్ బయటికి కారాలని లేదు, పంపు లాగుతున్నప్పుడు గాలి లోపలికి పోవచ్చు. అందుకే కింద తడి లేదని గొట్టాన్ని వదిలేయకూడదు.

*నడుస్తుంది, కరెంట్ లేదు. లేదా ఏసీ వేస్తే ఆగిపోతుంది*

కరెంట్ అసలు రాకపోతే ప్రశ్న ఒక్కటే: ట్రాన్స్‌ఫర్ స్విచ్‌కి ఇవతలా, అవతలా? జనరేటర్ నుంచి స్విచ్ దాకా కరెంట్ వస్తుంటే జనరేటర్ నిర్దోషి. ఈ కొలత ప్రాణం మీదకి తెచ్చేది, అలవాటు లేనివాళ్లు చేయకూడదు. కానీ మెకానిక్ ఇది కొలిచాడా లేదా అని అడిగే హక్కు మీకుంది.

ఏసీ వేసినప్పుడే ఆగిపోతుంటే వెంటనే జనరేటర్‌ని తిట్టకండి. కంప్రెసర్ మొదలయ్యే క్షణాన మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంట్ లాగుతుంది. కంప్రెసర్ అందుకోవడానికి సాయపడే ఏసీ కెపాసిటర్ బలహీనపడితే ఆ లాగుడు ఇంకా కష్టమవుతుంది. ఏసీకి బదులు ఒక 1,500 వాట్ల హీటర్ పెట్టి చూడండి. హీటర్‌ని హాయిగా మోసి, ఏసీకి మాత్రం చతికిలబడితే ఏసీని కూడా పరీక్ష చేయించాలి. హీటర్‌కే ఇంజిన్ గొంతు పడిపోతే లోపం జనరేటర్‌లోనే ఉంది.

కొండల మీదున్నప్పుడే ఇలా జరిగితే అది రిపేర్ కాకపోవచ్చు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, ప్రతి 300 మీటర్లకి సుమారు 3 నుంచి 4 శాతం బలం తగ్గుతుంది. 4,000 వాట్ల జనరేటర్ 2,000 మీటర్ల ఎత్తులో దాదాపు 3,000 వాట్ల దగ్గరే ఆయాసపడుతుంది. కార్బొరేటర్ మీద ఎత్తుకి తగ్గట్టు మార్చుకునే నాబ్ కొన్ని మోడల్స్‌లో ఉంటుంది. దాన్ని దిగువకి వచ్చాక మళ్లీ సరిచేయాలి.

4. మెరుపుల కోడ్ చదవడం

ఆగిపోయిన వెంటనే స్విచ్ మీది లైటు మెరుస్తుంటే మళ్లీ స్టార్ట్ చేయకండి. ముందు ఫోన్‌తో వీడియో తీయండి. లెక్కపెట్టడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

మోటర్‌హోమ్‌లలో బాగా కనిపించే కమిన్స్ ఓనన్ జనరేటర్లలో చాలావాటికి రెండంకెల కోడ్ ఇలా వస్తుంది: మూడు మెరుపులు, చిన్న విరామం, ఆరు మెరుపులు అంటే 36. మూడేసి మెరుపులు మాత్రమే పదేపదే వస్తుంటే స్టాప్ బటన్ ఒకసారి నొక్కాలి, అప్పుడు అసలు కోడ్ చూపిస్తుంది. 36 అంటే బోర్డు ఆపమనకుండానే ఇంజిన్ ఆగిపోయిందని. ఇంధనం అయిపోయినా ఇదే వస్తుంది, ఇంజిన్ లోపలి లోపానికీ ఇదే వస్తుంది. అంటే కోడ్ వచ్చినంత మాత్రాన ఏ భాగం మార్చాలో తెలిసిపోదు, ఎటువైపు వెతకాలో మాత్రం తెలుస్తుంది. మిగతా కోడ్‌ల అర్థం మీ మోడల్ మాన్యువల్‌లోనే చూడండి, అన్నిటికీ ఒకటే పట్టిక ఉండదు.

5. షాపుకి ఇవ్వాల్సిన చీటీ

జనరేటర్ మీద ఒక స్టిక్కరో రేకో ఉంటుంది. మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రెండూ ఫొటో తీయండి. ఓనన్‌లో మోడల్ నంబర్ చివర వచ్చే అక్షరం కూడా ముఖ్యం. ఒకే మోడల్‌లో ఆ అక్షరం మారితే విడిభాగాలు కూడా మారొచ్చు. అది వదిలేస్తే తప్పు పార్ట్ వచ్చి, తిప్పి పంపి, ఇంకో వారం పోతుంది.

చీటీలో ఉండాల్సినవి:

- మోడల్, సీరియల్ నంబర్లు, చివరి అక్షరంతో సహా
- అవర్ మీటర్ (జనరేటర్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపేది) మీద ఎన్ని గంటలు
- ఇంధనం ఏది, చివరిసారి ఎప్పుడు పోయించారు
- ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, ఇంధన ఫిల్టర్ చివరిసారి మార్చింది ఎప్పుడు
- ఎన్నాళ్లు వాడకుండా ఉంచారు
- లక్షణం, ఒకటి రెండు వాక్యాల్లో
- కోడ్, వీడియో
- ఇప్పటిదాకా ఏమేం మార్చారు, ఎవరు మార్చారు

లక్షణం ఎలా రాయాలో ఒక ఉదాహరణ: ‘చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్ట్ అవుతుంది. లోడ్ లేకుండా గంట నడుస్తుంది. 1,500 వాట్ల హీటర్ పెడితే పది నిమిషాలకి ఊగుతూ ఆగిపోతుంది. కోడ్ 36. వెంటనే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ట్యాంకు ముప్పావు ఉంది.’ ఇది చదివిన మెకానిక్ బండి రాకముందే ఇంధన ఫిల్టర్ చేతిలో పెట్టుకుని ఉంటాడు.

6. ఎవరి దగ్గరికి వెళ్లాలి

ముందు వారంటీ చూసుకోండి. మోటర్‌హోమ్‌లో ఛాసిస్‌కి ఒకటి, ఇంటి భాగానికి ఒకటి, జనరేటర్‌కి ఇంకొకటి వేర్వేరుగా ఉంటాయి. బండి అమ్మిన డీలర్ ‘మాది అయిపోయింది’ అన్నా జనరేటర్ కంపెనీది ఇంకా ఉండొచ్చు. వారంటీలో ఉంటే అధీకృత సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి, బయట విప్పిస్తే తర్వాత పేచీ వస్తుంది.

వారంటీ లేకపోతే మూడు దారులున్నాయి. బ్యాటరీ, ఎర్త్, ఫిల్టర్, బ్రష్‌ల లాంటి వాటికి బండి దగ్గరికి వచ్చి చేసే మొబైల్ టెక్నీషియన్ చాలు. బండిని తోలుకెళ్లే బాధ తప్పుతుంది. బోర్డు, వోల్టేజి రెగ్యులేటర్, వైండింగ్ (కరెంట్ తయారయ్యే తీగ చుట్టలు) వ్యవహారమైతే జనరేటర్ల షాపే మంచిది, లోడ్ బ్యాంక్ (కావలసినంత లోడ్ పెట్టి పరీక్షించే పరికరం) ఉన్నచోటు అయితే మరీ మంచిది. డీజిల్ జనరేటర్ ఇంజిన్‌లో లోపమైతే డీజిల్ ఇంజిన్లు బాగుచేసే చోట కూడా పనవుతుంది.

మామూలు బండి మెకానిక్ ఎంత మంచివాడైనా జనరేటర్ కరెంట్ వైపు పని ఇవ్వొద్దనే నా అభిప్రాయం. ఇంజిన్ వరకైతే సరే.

ఫోన్‌లోనే అడగండి:

- ఈ మోడల్ మీద పని చేశారా?
- పరీక్ష చేసినందుకు విడిగా ఎంత, రిపేర్ మీరే చేస్తే అది బిల్లులో కలుపుతారా?
- జనరేటర్ బండి నుంచి దించాల్సి వస్తే ఆ కూలి ఎంత, ఎన్ని గంటలు?
- లోడ్ పెట్టి వోల్టేజి, ఫ్రీక్వెన్సీ కొలిచి చూపిస్తారా?
- పాత పార్టులు తిరిగి ఇస్తారా?
- పనికి గ్యారంటీ ఎన్నాళ్లు?

నాలుగో ప్రశ్నకి ‘ఏసీ వేసి చూస్తాం లెండి’ అనే జవాబు వస్తే ఇంకో షాపుకి కూడా ఫోన్ చేయండి.

దించే కూలి ఎందుకు అడగాలంటే, 4,000 వాట్ల పెట్రోల్ జనరేటరే 80 కిలోల దాకా ఉంటుంది. అడుగు నుంచి దించడానికి జాకీ, ఇద్దరు మనుషులు కావాలి. చిన్న పార్ట్ మార్చడానికి కూడా దించాల్సి వస్తే పార్ట్ ధర కంటే కూలే ఎక్కువవుతుంది. జనరేటర్ ట్రే మీద బయటికి జారే బండ్లలో ఈ ఖర్చు తప్పుతుంది, ఆ సంగతి ముందే చెప్పండి.

7. బండి అప్పగించేటప్పుడు

ట్యాంకు సగం పైన ఉంచండి. పావులో వదిలేసి వస్తే పరీక్ష మధ్యలో ఇంధనం అందక ఆగి, లేనిపోని అనుమానాలు మొదలవుతాయి. బ్యాటరీలు పూర్తి చార్జి చేసి ఇవ్వండి. జనరేటర్ చుట్టూ అరల్లో ఉన్న సామాన్లు తీసేయండి, వాటిని కదపడానికి పట్టే టైమ్ కూడా మీ బిల్లులోకే వస్తుంది. ఆటో స్టార్ట్ ఉందని మెకానిక్‌కి నోటితో చెప్పి, స్విచ్ దగ్గర కాగితం కూడా అంటించండి.

అవర్ మీటర్ ఫొటో తీసుకోండి. లోడ్ పెట్టి రెండు గంటలు నడిపామని చెప్పి, మీటర్ మీద ఆరు నిమిషాలే పెరిగితే తెలిసిపోతుంది.

కరెంట్ ప్రొటెక్టర్, అదనపు ఇన్వర్టర్, సోలార్ లాంటివి తర్వాత పెట్టించి ఉంటే ఆ విషయం దాచకండి. వాటి వైరింగ్ చూడకుండా బోర్డు మీద నింద వేయడం తేలిక.

8. ఎస్టిమేట్ చేతికొచ్చాక

ఒక్కో పార్ట్ ఎదురుగా ‘ఏం కొలిస్తే ఇది పోయిందని తెలిసింది?’ అని అడగండి. మంచి మెకానిక్‌కి ఇది కోపం తెప్పించదు. బ్రష్ ఇంత అరిగింది, పంపు ప్రెజర్ ఇంత వచ్చింది, వైండింగ్ రెసిస్టెన్స్ ఇంత ఉంది అని అంకె చెబుతాడు. ‘సాధారణంగా ఇదే పోతుంది’ అంటే అది ఊహ.

ముఖ్యంగా కంట్రోల్ బోర్డు దగ్గర ఆగండి. ఖరీదైనది, పైగా కరెంట్ పార్టులు ఒకసారి బిగించాక వెనక్కి తీసుకోని షాపులు ఎక్కువ. బోర్డుకి వచ్చే వోల్టేజి, ఎర్త్, కనెక్టర్ పిన్నులు చూశాకే బోర్డు మాట ఎత్తాలి.

కార్బొరేటర్ విషయంలో శుభ్రం చేయడమా, మార్చడమా అనేది తరచూ వచ్చే సందేహం. మొదటిసారి, పైపైన పేరుకున్న జిగురైతే శుభ్రం చేయించవచ్చు. లోపల తుప్పో, తెల్లటి పొడో కనబడితే కొత్తదే మేలు. శుభ్రం చేసిన కూలి, మళ్లీ విప్పిన కూలి కలిపితే కొత్తదానికి దగ్గరగా వచ్చేస్తుంది. ఏది చేయించినా ఇంధన ఫిల్టర్, పాత రబ్బరు గొట్టం దాంతోపాటే మార్పించండి. గొట్టం లోపలి నుంచి ఊడిన రబ్బరు పొట్టు కొత్త కార్బొరేటర్‌ని కూడా మూసేస్తుంది.

ఇంజిన్ కంప్రెషన్ పోయిందనో, వైండింగ్ కాలిందనో చెబితే రిపేర్‌కి ఒప్పుకునే ముందు కొత్త జనరేటర్ ధర కూడా రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు కొలతల్లో సరిపోయే మోడలేనా, సైలెన్సర్, ఇంధన గొట్టం, వైరింగ్ మళ్లీ చేయాలా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

9. లోడ్ టెస్ట్: తాళాలు తీసుకునే ముందు

లోడ్ లేకుండా నడిచే జనరేటర్‌ని చూసి సంతోషపడి ఇంటికొచ్చేస్తే మళ్లీ షాపుకే. ఎదురుగా నిలబడి ఇది చేయించండి.

1) చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టండి. మీరు వచ్చేసరికి వేడిగా ఉంటే చల్లారే దాకా ఆగండి. చల్లగా స్టార్ట్ అవ్వకపోవడమే మీ రోగమైతే వేడి ఇంజిన్ ఏమీ చెప్పదు.

2) ఐదు నిమిషాలు ఖాళీగా నడిపి, వోల్టేజి, ఫ్రీక్వెన్సీ రాసుకోండి. మీ జనరేటర్ 120 వోల్టులు 60 హెర్ట్జ్‌దా, 230 వోల్టులు 50 హెర్ట్జ్‌దా అన్నది రేకు మీద ఉంటుంది. మెకానికల్ గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) ఉన్నవాటిలో ఖాళీగా నడిచేటప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త ఎక్కువ ఉండి, లోడ్ పడ్డాక కొద్దిగా దిగుతుంది. అది లోపం కాదు.

3) సగం లోడ్ పెట్టండి. 4,000 వాట్ల దానికి 2,000 వాట్లు. హీటర్ల లాంటివైతే లెక్క తేలిక. అరగంట నడపాలి. మళ్లీ రెండు అంకెలూ రాయండి.

4) ఇప్పుడు ఏసీ. కంప్రెసర్ అందుకునే క్షణంలో ఇంజిన్ ఒక్కసారి గొంతు తగ్గించి, వెంటనే తేరుకోవాలి. తేరుకోకుండా ఊగుతుంటే పని పూర్తి కాలేదు.

5) దాదాపు పూర్తి లోడ్ మీద కొన్ని నిమిషాలు. వోల్టేజి మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటి పడిపోకూడదు.

6) లోడ్ అంతా తీసేసి రెండు మూడు నిమిషాలు ఖాళీగా నడిపి ఆపండి. వెంటనే మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద అందుకోవడం కూడా చూడాలి కదా.

నడుస్తున్నంతసేపూ బండి లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లో ఉండాలి. సైలెన్సర్ విప్పి బిగించి ఉంటే జాయింట్ల దగ్గర మసి గీతలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. నల్లటి గీత ఉందంటే అక్కడి నుంచి పొగ కారుతోంది.

10. పదేపదే చేసే తప్పులు

ఆయిల్ కొలిచే పుల్లని బిగించి చూడాలా, పైన పెట్టి చూడాలా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్ చూడకుండా పోసి ఎక్కువ చేసుకుంటారు. ఎక్కువైతే తీసేయడమే మార్గం, ‘నడిపితే తగ్గుతుందిలే’ అనుకోవద్దు.

స్టార్ట్ అవడం లేదని ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్ప్రే కొడుతూ తిప్పడం. చిన్న ఇంజిన్‌కి, అందులోనూ డీజిల్‌కి ఇది మంచిది కాదు. మంట అంటుకునే ప్రమాదం సరేసరి.

రెండు షాపులకి ఒకేసారి ఇవ్వడం. ఒకరు విప్పినది ఇంకొకరికి అర్థం కాదు, బాధ్యత ఎవరిదీ కాదు.

ఒకేసారి నాలుగు పార్టులు మార్పించడం. ఏది మారిస్తే బాగైందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు కథ మొదటికొస్తుంది.

గ్యాస్ జనరేటర్లకి కార్బొరేటర్ జిగురు బాధ ఉండదని పట్టించుకోకపోవడం. రెగ్యులేటర్, గొట్టాలు, లీకులు ఉంటాయి. సబ్బు నీళ్లతో జాయింట్లు చూడడం కొన్ని నిమిషాల పని.

11. ఇంటికొచ్చాక మొదటి నెల

మొదటి వారంలోనే ఒకసారి రెండు గంటలు, సగం లోడ్ మీద నడపండి. అదే రోగం తిరిగొచ్చేదైతే గ్యారంటీలో ఉండగానే బయటపడాలి. ట్రిప్ మధ్యలో తెలిస్తే టెన్షన్ వేరే లెవెల్‌లో ఉంటుంది.

ఆ తర్వాత కూడా నెలకి రెండు గంటలు, సగం లోడ్‌తో. ఖాళీగా పది నిమిషాలు నడిపితే చాలనుకుంటారు. దానివల్ల ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, లోపల చెమ్మ ఆరదు, ఇంధన గొట్టాల్లో పాత పెట్రోల్ కొంత అలాగే ఉండిపోతుంది.

నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే ట్యాంకు నింపి, ఇంధనంలో స్టెబిలైజర్ (నిలవ ఉన్నా పాడవకుండా కాపాడే ద్రవం) కలిపి, అది కార్బొరేటర్ దాకా చేరేటంతసేపు జనరేటర్ నడిపి ఆపండి. కలిపి వదిలేస్తే ట్యాంకులోనే ఉండిపోతుంది, కార్బొరేటర్‌లో పాత పెట్రోల్ అలాగే ఉంటుంది.

బిల్లు, లోడ్ టెస్ట్ అంకెలు, అవర్ మీటర్ ఫొటో ఒకే కవర్లో పెట్టి బండిలోనే ఉంచండి. చాలా పెట్రోల్ మోడల్స్‌కి ఆయిల్ మార్పు సుమారు 150 గంటలకో, ఏడాదికో, ఏది ముందైతే అది. మీ మాన్యువల్‌లో వేరేగా ఉంటే అదే పాటించాలి. ఇంజిన్ లోపలి భాగాలు మార్పించి ఉంటే మొదటి ఆయిల్ మార్పు ఇంకా త్వరగా రావాలి. అది ఎన్ని గంటలకో రిపేర్ చేసినవాళ్ల చేతే బిల్లు మీద రాయించుకోండి.